నిద్రలో అరవై

2004లో నా భార్య తబితను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరు నాకొక పని అప్పగించాడు. రోజూ ఆమె నాడి నిద్రలో ఒకసారి, లేచాక ఒకసారి లెక్కబెట్టి రాయాలి. నిద్రలో తగ్గి, లేచేటప్పుడు పెరుగుతుంటే గుండె కుదుటపడుతున్నట్టే అన్నాడు. ఇరవై రోజులుగా నా కొట్లో బెల్లం తూకం కన్నా జాగ్రత్తగా రాస్తూ వచ్చాను.

ఇరవయ్యో రోజు రాత్రి రెండింటికి నాడి అరవై ఉంది. మూడింటికి డెబ్బై ఆరు.

"తబితా, లేత్తన్నావేటి?"

ఆమె కదల్లేదు. ఊపిరి చప్పుడు వినబడలేదు. మళ్లీ చూస్తే తొంభై. కళ్లు తెరవకుండానే ఇంత మెలకువ ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. చెయ్యి చల్లగా ఉంటే దుప్పటి కప్పి మళ్లీ పట్టుకున్నాను. నూట పది.

పక్కగదిలోంచి ఆమె చెల్లెలు సుజి వచ్చింది. నర్సు కోర్సు చదువుతోంది.

"గట్టిగా కొట్టుకుంటంది సుజీ. మీ అక్క ఇప్పుడే లేత్తాది."

సుజి టార్చి వెలుగు నా చేతిమీద వేసింది.

"బొటనేలితో పట్టుకున్నావేటి బావా? రోజూ ఇలాగేనా?"

"బెల్లం దిమ్మ నొక్కి సూసేది దీంతోనే కదా. పాతికేళ్ల అలవాటు."

"బొటనేలికి సొంత నాడి ఉంటాది బావా. నీదే నీకు తెలుత్తాది."

నా చెయ్యి మెల్లగా తప్పించి, తన రెండు వేళ్లు అక్క మణికట్టు మీద ఆనించింది. నేను వాచీ పట్టుకున్నాను. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

"ఎంతుంది?" అన్నాను.

ముల్లు రెండో చుట్టు మొదలుపెట్టింది. సుజి పెదవులు ఇంకా 'ఒకటి' అని కూడా లెక్కపెట్టలేదు.