గడువు దాటిన పొట్లం

స్టెయిన్‌లెస్ స్టీలు పలకకి బెజ్జం వేసి లోపల మరలు కోస్తుంటే, ఆ కోసే ట్యాపు పుటుక్కున విరిగి లోపలే ఇరుక్కుంది.

మా ఓనరు లియావ్ నూనె చూడలేదు, మొద్దుబారిన డ్రిల్లూ చూడలేదు. తైవాన్‌లోని మా తైచుంగ్‌లో అందరిలాగే మేమూ మెషీను మొరాయించకూడదని దాని మీద పెట్టుకున్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లం తిప్పి తారీఖు చూశాడు.

"గడువు దాటిన పొట్లం పెడితే మెషీను బుద్ధిగా పని చేస్తుందట్రా, దరిద్రుడా!"

తాజా పొట్లం తెచ్చి, పెట్టి, దణ్ణం పెట్టాడు. రెండో ట్యాపూ విరిగింది.

అంతలో ఈ పలక ఆర్డరు ఇప్పించిన బ్రోకరు ఫోను చేశాడు.

"మీ పలక రాక అక్కడ ఫ్యాక్టరీలో మెషీను ఆగిపోయింది లియావ్ గారూ!"

లియావ్‌కి ఒళ్ళు మండింది. "దాని మీద పొట్లం పెట్టి ఏడిస్తే ఎందుకాగుతుందయ్యా?"

"పొట్లాలకేం కొదవండీ? ఆగింది ఆ పొట్లాలు కట్టే మెషీనే!"