స్ట్రెంత్ తొమ్మిది

"ఇన్‌స్పెక్షన్ వచ్చేసింది తల్లీ," అన్నాడు పరంధామయ్య, కిటికీ తెర కొంచెం పక్కకి లాగి చూస్తూ.

ఎనిమిదేళ్ళ మనవరాలు తన్వి లెక్కల పుస్తకం వదిలేసి వచ్చి చూసింది. వీధి చివర ఒక మనిషి. మెళ్ళో కార్డు, భుజాన సంచి, చేతిలో కాగితాలు. ఇంటింటి దగ్గరా ఆగి ఏదో రాసుకుంటూ ఇటే వస్తున్నాడు. కోడలు సుమతి లైబ్రరీకి వెళ్ళింది.

"ఇన్‌స్పెక్షన్ ఉండదు అని మమ్మీ చెప్పింది కదా తాతయ్యా."

"బడన్నాక ఇన్‌స్పెక్షన్ లేకుండా ఎలా ఉంటుందే? పిల్లకి ఇంట్లోనే చదువు చెప్పుకుంటామని మీ అమ్మ కౌంటీకి కాగితం రాసిచ్చిందా లేదా?"

పరంధామయ్య ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు. ఇన్‌స్పెక్టరు జీపు ఊరి పొలిమేరలో ఉండగా ఏం చెయ్యాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. బడి పల్చగా ఉంటే వీధిలో పిల్లల్ని పోగెయ్యాలి. అమెరికాలో ఈ కమ్మింగ్ ఊరైతే మాత్రం పద్ధతి మారుతుందా? ఒక్క పిల్లని చూపించి బడి అంటే ఏ ఇన్‌స్పెక్టరూ ఊరుకోడు. గోరింటాకుతో ఎర్రబడిన జుట్టు దువ్వుకుని, జంతికల డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. వేసవి సెలవులేమో, వీధిలో పిల్లలంతా స్ప్రింక్లర్ కింద తడుస్తున్నారు.

సుమతి తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు తడి చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. హాల్లో చాప మీద తొమ్మిది మంది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. సోఫాలో ఎవరో కొత్త మనిషి. మెళ్ళో కార్డు వెనక్కి తిరిగి ఉంది.

"రోల్ నంబర్ సెవెన్," హాజరు పిలుస్తున్నాడు పరంధామయ్య.

"ప్రెజెంట్ సార్," చెయ్యెత్తాడు పక్కింటి అనుదీప్.

"రోల్ నంబర్ ఎయిట్."

"ప్రెజెంట్ సార్," వాడి చెల్లెలు నీహారిక.

పరంధామయ్య కోడలి వైపు తిరిగాడు. "ఈయన మిగతా ఇంగ్లీషు నాకు అందలేదు గానీ, హౌ మెనీ అన్నది మాత్రం అందిందమ్మా. స్ట్రెంత్ నైన్, ఆల్ ప్రెజెంట్ అని చెప్పేశా."

సుమతి లైబ్రరీ పుస్తకాలు గబుక్కున బల్ల మీద పెట్టేసింది. ఆ మనిషికి ఒక నవ్వు నవ్వి, మామగారిని వంటింట్లోకి పిలిచింది.

"ఎంత పని చేశారు మామయ్యగారూ. హోమ్ స్కూల్ అంటే మన పిల్లకి మనం చెప్పుకోడం. పరాయి పిల్లల్ని కూర్చోబెడితే రూల్ ఒప్పుకోదు. పర్మిషన్ లేకుండా స్కూల్ నడుపుతున్నామంటారు."

"అంటే?"

"తన్వి మళ్ళీ ఆ స్కూల్‌కే వెళ్ళాల్సొస్తుంది."

పరంధామయ్య మొహం వాడిపోయింది. ఆ స్కూల్లో రెండేళ్ళు పెదవి విప్పని పిల్ల, జనవరి నుంచి ఇంట్లో చదువుకుంటూ వాగుడుకాయ అయింది. ఆ వాగుడు వినకపోతే ఆయనకి ఇప్పుడు అన్నం సయించదు.

"మరిప్పుడెలాగమ్మా?"

సుమతి హాల్లోకి తొంగిచూసింది. "మన పిల్లలకే చెప్పాలి, అదే కదా రూల్. అయితే అందరూ మన పిల్లలే."

పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడని మనిషి, చీరకొంగు సర్దుకున్నట్టు దుపట్టా సర్దుకుని హాల్లోకి వెళ్ళింది.

"వీళ్ళందరూ ఈ ఇంటివాళ్ళేనా?" ఇంగ్లీషులో అడిగాడు వచ్చినాయన.

"అందరూ మా పిల్లలేనండీ."

"నలుగురు ఎనిమిదేళ్ళవాళ్ళం అంటున్నారు?"

"ఒకే కాన్పు."

ఆయన పెన్ను చివరి పిల్లాడి దగ్గర ఆగింది. ఎదురింటి అమెరికన్ కుర్రాడు. తెల్లటి మొహం, ఎర్రటి జుట్టు.

"ఈ అబ్బాయి కూడానా?"

"వాడిది తాతగారి పోలిక."

ఆయన పరంధామయ్య జుట్టు కేసి చూశాడు. పిల్లాడి జుట్టు కేసి చూశాడు. తల ఊపి రాసుకున్నాడు.

"మీ ఓపికకి దండం పెట్టాలమ్మా," అంటూ లేచాడు.

"మా హోమ్ స్కూల్‌కి ఇబ్బందేం ఉండదు కదండీ?"

"స్కూలా? ఆ సంగతులు నాకు తెలియవు." మెళ్ళో కార్డు ముందుకి తిప్పాడు. "నేను జనాభా లెక్కలవాణ్ణి. పదేళ్ళకోసారి వస్తాం."

సుమతికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తన్వి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఎనిమిది మంది పిల్లలు ఎక్కువైతే అయ్యారు, దానికేముంది.

ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. "అన్నట్టు, పక్కింట్లో ఎంత బెల్లు కొట్టినా ఎవరూ పలకలేదు. ఆ ఇంట్లో పిల్లలెవరైనా ఉన్నారా?"

సుమతి నోరు తెరిచే లోపలే చాప మీద రెండు చేతులు లేచాయి.

"ప్రెజెంట్ సార్."