ఉయ్యాల గదిలో హీటర్

"రేపటిదాకా ఆగలేను అన్నయ్యా, గది మంచుగడ్డయిపోయింది," అంటూ ఆవిడ మెకానిక్‌కి గోడ హీటర్ చూపించి టీ పెట్టడానికి వెళ్లింది.

ఉయ్యాల ఖాళీగా ఉంది. ఆవిడ భర్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పాప పోయి నెల దాటింది. తను ఇంకా నమ్మట్లేదు. ఏమీ అనకుండా బాగుచెయ్యండి."

మెకానిక్ కాలిపోయిన కాయిల్ మార్చాడు. వెచ్చటి గాలి తగలగానే భర్త మొహం తిప్పుకుని బయటికెళ్లాడు.

ఆవిడ టీ అందించింది. "పాప లేదని నాకు తెలుసు అన్నయ్యా," అంది మెల్లగా. "ఆ ఉయ్యాల కింద చాపైనా లేకుండా రోజూ పడుకునేది ఆయన. లేచి రమ్మంటే రారు. కనీసం చలైనా తగలకూడదని..."



మెకానిక్ టీ పక్కనపెట్టి, ఉయ్యాల వైపున్న హీటర్‌ని దాని కింది నేలవైపు వంచి బిగించాడు.