పడేసి కొన్న బండి

ఎక్కాల్సిన బండి ఇంకా కొననే లేదు, అమ్మమ్మ మాత్రం సంచి సర్దేసింది.

రెండు స్వెట్టర్లు, టార్చిలైటు, సూదీ దారం, జ్వరం మాత్రలు, తడవకుండా కవరులో చుట్టిన అగ్గిపెట్టె.

మనవరాలు తొంగి చూసి నవ్వింది. "నేను వెళ్లేది ఉద్యోగానికే అమ్మమ్మా. శనివారం శనివారం వస్తాను. నీ సర్దుడు చూస్తే కొత్త కాపురం పెట్టబోతున్నట్టుంది."

"వెళ్లేవాళ్లంతా వస్తామనే వెళ్తారు," అని అమ్మమ్మ ఇంకో స్వెట్టరు కుక్కింది.

మనవరాలికి టీకాల నర్సు ఉద్యోగం వచ్చింది. కొండ మీద పదకొండు పల్లెలు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రాళ్లు, బురద, మూడు వాగులు. ఆ దారి ఎక్కే బండి సోమవారానికల్లా కావాలి.

ఇద్దరూ షోరూముకు వెళ్లారు.

మూడు బండ్లు చూపించింది సేల్స్ అమ్మాయి. ఒకటి నల్లది, దున్నపోతులా ఉంది. ఒకటి ఎర్రది, పొడుగ్గా, పొగరుగా ఉంది. మూడోది ఆ నెలే వచ్చింది. ఇంజను చిన్నది, ఒళ్లు సన్నం, కాళ్లు పొడుగు. అచ్చం గొల్లభామ.

మనవరాలి కళ్లు ఎర్రదాని మీద పడ్డాయి.

అమ్మమ్మ మూడింటినీ చేత్తో నెట్టి చూసింది. గిన్నె కొన్నా, తలుపు చేయించినా ఆమె చూసేది బరువే. నల్లది కదల్లేదు.

"ఇదే. గాలివానొచ్చినా నిలబడుతుంది."

"అది నిలబడుతుంది సరే, అంత వెడల్పు సీటు మీద నేనెక్కితే నా కాళ్లు నేలకందవు."

"రేపు ఎత్తు చెప్పులు కొంటాను."

మూల స్టూలు మీద ఖాకీ చొక్కా తొడుక్కుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. "ఏ దారికి తల్లీ బండి?" అన్నాడు.

"కొండ మీది పల్లెలకు బాబాయ్. టీకాల పని."

ఆయన లేచి నిలబడ్డాడు.

"అయితే పడేసి చూడాలి," అన్నాడు.

"కొనకముందే పడేస్తారా నాయనా?" అంది అమ్మమ్మ.

"కొన్నాక ఎలాగూ పడుతుందమ్మా. ఆ దారిలో పడని బండి లేదు. లేపేవాళ్లే ఉండరు."

షోరూము వెనక మట్టినేల. ఆయన గోనెసంచులు పరిచి, నడిపి చూడ్డానికి ఉంచిన మూడు బండ్లనూ ఒక్కొక్కటే పక్కకు పడుకోబెట్టాడు. సేల్స్ అమ్మాయి అడ్డు చెప్పలేదు, అలవాటే అన్నట్టు చూస్తూ నిలబడింది.

నల్లదాన్ని పట్టుకుని మనవరాలు మూలిగింది. బండి ఉలకలేదు, పలకలేదు.

ఎర్రది సగం లేచి, మళ్లీ సంచుల మీద వాలిపోయింది.

"అన్నం సరిగ్గా తినమంటే విన్నావా?" అంది అమ్మమ్మ.

"తిండి కాదమ్మా, ఒడుపు," అన్నాడాయన. "గేరులో పెట్టు తల్లీ, లేకపోతే జారుతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పు. నడుముతో కాదు, మోకాళ్లతో లే."

గొల్లభామ రెండోసారికి కదిలింది. మూడోసారికి లేచి నిలబడింది.

మనవరాలు గెంతింది. ఆయన ఊరుకోలేదు. ఇంకో వైపు పడేయించాడు. టీకాల పెట్టె బదులు ఇటుకల సంచి కట్టించి పడేయించాడు. ఆ పిల్ల తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఏడుసార్లు లేపింది.

అమ్మమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. "అమ్ముడుపోని గొల్లభామను మా నెత్తిన రుద్దుతున్నావు. నీ కమిషన్ ఎంత నాయనా?"

"ఇవాళ ముట్టిందమ్మా," అన్నాడాయన. ముఖం వెలిగిపోతోంది.

'చూశావా, ఒప్పుకున్నాడు' అనుకుంది అమ్మమ్మ. గొల్లభామనే కొన్నారు. వెళ్లొస్తామని ఆయనకు ఒక మాటైనా చెప్పనివ్వకుండా మనవరాలి చెయ్యి పట్టి లాక్కొచ్చేసింది.

సోమవారం మనవరాలు వెళ్లాక, మళ్లీ శనివారం దాకా అమ్మమ్మకు ముద్ద దిగలేదు. సాయంత్రం వీధి చివర బండి చప్పుడైంది. తల నుంచి కాలిదాకా బురద, ఆ బురదలో తెల్లగా పళ్లు.

"అమ్మమ్మా, నాలుగుసార్లు పడ్డాను. నాలుగుసార్లూ నేనే లేపుకున్నాను. ఒకసారి వాగు మధ్యలో. చుట్టూ మనిషి జాడ లేదు. పదకొండు పల్లెలూ అయిపోయాయి తెలుసా?"

అమ్మమ్మ ఆ బురదతోనే ఆమెను కావలించుకుంది. వేణ్ణీళ్లు తోడింది, తల రుద్దింది, ఆ వాగు కథే మూడుసార్లు చెప్పించుకుంది.

తెల్లారి బుట్టనిండా బత్తాయిలు తీసుకుని షోరూముకు వెళ్లింది. అన్న మాటకు సిగ్గుగా ఉంది. స్టూలు ఖాళీగా ఉంది.

"ఆయన ఇక రారండీ. మొన్న ఊరు విడిచి వెళ్లిపోయారు," అంది సేల్స్ అమ్మాయి. "ఎక్కడికో మాక్కూడా చెప్పలేదు."

"పని మానేశాడా?"

"మా దగ్గర ఎప్పుడు చేశారని? జీతమూ లేదు, కమిషనూ లేదు. రోజూ షట్టరు తీసేసరికి వచ్చి కూర్చునేవారు. కొండ మీద నర్సు ఉద్యోగం నాలుగేళ్లుగా ఖాళీ కదండీ. ఎప్పటికైనా ఒక పిల్ల వస్తుంది, బండికి ఇక్కడికే రావాలి అనేవారు."

"ఆ పిల్ల ఎవరైతే ఆయనకేంటమ్మా?"

"ఇంతకుముందు ఆ ఉద్యోగం ఆయన కూతురిదేనండీ. నిలకడగా ఉంటుందని ఆయనే ఏరి కోరి అన్నిటికన్నా బరువైన బండి కొనిచ్చారు."

నాలుగేళ్ల కిందట, జూలై పదకొండున, రెండో వాగులో మీద పడిన ఆ బండిని ఒక్కతే లేపలేక ఆయన కూతురు తిరిగి రాలేదు.