లోపలి పూత

ఆ కుర్చీ కాస్త ఇటు లాక్కోండి. ఈ సంగతి నలుగురిలో కేకేసి చెప్పేది కాదు. మా సరస్సు మలుపులో ఓర్విల్ ఇల్లుంది చూశారా, దుంగలతో కట్టింది, ఆ ఇంటి మాట.

కెనడాలో మా బ్రిటిష్ కొలంబియా కొండల్లో ఆగస్టు వచ్చిందంటే అడవి అంటుకుంటుంది. అందుకని ఊరంతా ఇంటి బయటే పని చేస్తుంది. కప్పు మీద రాలిన పైన్ ఆకులు ఊడుస్తారు. గోడకు దగ్గరగా ఉన్న చెట్లు కొట్టేస్తారు. కప్పు మీద నీళ్లు చిమ్మే గొట్టాలు బిగిస్తారు.

ఓర్విల్ ఒక్కడే లోపల పని పెట్టుకున్నాడు. లోపలి గోడలకీ, పైకప్పు చెక్కలకీ మంటను ఆపే పెయింటు. బయటి గోడకు ఒక్క చుక్క వేయలేదు.

"అడవేమన్నా తలుపు కొట్టి లోపలికొచ్చి అంటుకుంటుందా ఓర్విల్?" అని పోస్టాఫీసు దగ్గర అందరూ ఒకటే నవ్వు.

అతను నవ్వలేదు. వాళ్ల పాతిల్లు వేరే లోయలో ఉండేదట, కాలిపోయిందట. అంతవరకే చెప్పాడు. ఆ దెబ్బకు బుర్ర చెదిరిందని మేమే అనుకున్నాం.

ఒకరోజు ముంగిట్లో అందరికీ చూపించాడు. పూత వేసిన చెక్కముక్కకు గ్యాస్ మంట పట్టాడు. పెయింటు మండలేదు, పొంగింది. పెనం మీద మరిచిపోయిన పాన్‌కేక్‌లా ఉబ్బి నల్లబడింది. ఆ నలుపును చాకుతో గీకితే కింద చెక్క చెక్కుచెదరకుండా ఉంది.

"అరగంట ఆపుతుంది," అన్నాడు. "నాకు అరగంట చాలు."

"దేనికి చాలు?" అని పక్కింటి వెర్నా అడిగింది. అతను చాకు తుడిచి మడిచాడు.

అప్పుడే వెర్నా కిటికీ వంక చూసింది. ఓర్విల్ భార్య మేబెల్ లోపల అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. రెప్ప కూడా వేయడం లేదు. తలుపుకు మాత్రం బయట తాళం.

ఇక వెర్నాకు నిద్ర పట్టలేదు. రూబార్బ్ కాడలు పెట్టి తీపి రొట్టె ఒకటి కాల్చి పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది.

లోపల గోడలూ కప్పూ అన్నీ ఒకే తెలుపు. గుడ్డు లోపల కూర్చున్నట్టుంది. కట్టెల పొయ్యి పీకి ఎప్పుడో అమ్మేశాడు. మా చలికాలంలో కట్టెల పొయ్యి లేని కొంప! పోయిన నెల మేబెల్ పుట్టినరోజుకు కేకు తెచ్చాడు గానీ దాని మీద కొవ్వొత్తి పెట్టనివ్వలేదు. వరండాలోకి వెళ్లి వచ్చినప్పుడల్లా ఆవిడ ఏప్రాన్ జేబులు తడిమి చూస్తాడు, దొంగను పట్టుకున్నట్టు.

ఓర్విల్ నిచ్చెన మీద ఉన్నాడు. తడి పూతలో దువ్వెన లాంటి రేకు గుచ్చి మందం చూసుకుంటున్నాడు. కాస్త పల్చగా ఉన్నా మళ్లీ బ్రష్షు ముంచుతున్నాడు.

మేబెల్ వెర్నా చెయ్యి పట్టుకుంది. "ఊపిరాడ్డం లేదే. చూడు, దుంగన్నది కనపడకుండా పూత కొట్టేశాడు. మీ ఇంట్లో చెక్క ఇంకా చెక్కలానే ఉందా?"

"ఉంది తల్లీ. మా తాత వేసిన పైన్ గోడలు. ఒక్క బ్రష్షు తగల్లేదు."

"పొయ్యి?"

"పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటుంది."

మేబెల్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఒక్కసారి తీసుకెళ్లవే. ఒక్క పూట చాలు."

"ఏంటా గుసగుసలు?" పైనుంచి ఓర్విల్.

"నీ మీద చాడీలేనయ్యా! నువ్వు నిచ్చెన దిగకు," అంది వెర్నా.

ఆ వారంలోనే ఓర్విల్ ఆఖరి డబ్బా కోసం టౌనుకు వెళ్లాడు. ట్రక్కు మలుపు తిరగడం ఆలస్యం, వెర్నా గునపం తెచ్చి తాళం పెరికేసింది. తలుపు తీసేసరికి మేబెల్ బూట్లు వేసుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. ఇద్దరూ చెట్ల మధ్య దారిలో బడి ఎగ్గొట్టిన పిల్లల్లా నవ్వుకుంటూ పరుగెత్తారు.

వెర్నా వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. మేబెల్ తాగలేదు. పొయ్యి వంకే చూస్తూ చేతులు చాపుకుని కూర్చుంది. పోయిన చలికాలమంతా పొయ్యి లేక వణికిపోయిన మనిషి, పాపం, అనుకుంది వెర్నా.

అంతలోనే బయట ట్రక్కు ఆగింది. ఇంటి తాళం పెరికి ఉండడం చూశాడేమో, ఓర్విల్ టోపీ కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. తలుపు మీద రెండు చేతులతో బాదాడు.

"వెర్నా! తలుపు తియ్యి! నీ కాళ్లు పట్టుకుంటాను, ముందు నువ్వు బయటికి రా!"

"నేనెందుకు రావాలి నా ఇంట్లోంచి? పెళ్లాన్ని పెట్టెలో పెట్టి రంగులేసుకునేవాడివి, నువ్వా నాకు చెప్పేది!"

"నా మాట ఒక్కటి విను!"

"ఊరంతా విందిలే ఇన్నాళ్లూ!"

వెర్నా గడియ బిగించింది. అది చాలదని బంగాళదుంపల బస్తా లాక్కొచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. కిటికీ కూడా మూసేసింది. ఇక లోపలికి ఎవరూ రాలేరు.

ఈ కథ వెర్నా ఇప్పటికీ అందరికీ చెబుతుంది గానీ, బస్తా దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని లేచిపోతుంది. మిగతాది నాకొక్కదానికే చెప్పింది. మీరు గుర్తు పెట్టుకుని ఎవరికైనా చెప్పేటప్పుడు మాత్రం బస్తా దగ్గర ఆగొద్దు, ఈ చివరి ముక్క కూడా చెప్పండి: వెర్నా వెనక్కి తిరిగేసరికి మేబెల్ ఏ పూతా లేని ఆ పైన్ గోడకు చెంప ఆనించి, "మా పాతిల్లూ అచ్చం ఇలాగే ఉండేదే, ఎంత బాగా మండిందనుకున్నావ్," అంటూ పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టెలోంచి పుల్ల తీసి గీసింది.