గోడ బీటలోంచి ఊటీ

సైదమ్మ షెడ్డులో కోడిపిల్లలు మళ్ళీ మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా పడున్నాయి. అడుగున నలిగినవి అప్పటికే చచ్చిపోయాయి. రెంటచింతలలో ఇప్పుడు ఎవరి గదికి కావలసిన వాతావరణం వాళ్ళు పెట్టించుకుంటున్నారు. సైదమ్మ కోడిపిల్లల కోసం వెచ్చదనం పెట్టించింది. పక్కింటి పిచ్చమ్మ కాలీఫ్లవర్ కోసం ఊటీ చలి పెట్టించింది. ఇద్దరికీ మధ్య గోడ మాత్రం పాతదే, నిలువునా బీటవారింది.

"పిచ్చమ్మా! నీ ఊటీ నా పిల్లల్ని చంపుతోంది. బయటికి రా!"

"నీ వేడికి నా పువ్వులన్నీ విచ్చుకుపోతన్నయ్. నువ్వే రా!"

ఇద్దరూ కొంగు నడుముకి దోపి వీధిలోకి వచ్చారు. వీధికి ఎవరూ ఏ వాతావరణమూ పెట్టించలేదు. నెత్తిన నిప్పులు పోసినట్టుంది ఎండ. తిట్టబోతే నాలుక పిడచకట్టింది. "ఏందే..." అన్నంతవరకే అయింది. అరికాళ్ళు కాలుతుంటే ఎవరింట్లోకి వాళ్ళు పరుగెత్తారు.

సైదమ్మకి ఒళ్ళు మండిపోయింది. నోరారా తిట్టుకోవడానికైనా ఊళ్ళో చోటు లేకపోయె! తట్టలో సిమెంటు కలిపి తెచ్చి బీట ముందు కూలబడింది. వేడీ చలీ కలిసిన గాలి అక్కడ హాయిగా ముఖానికి తగిలింది. బీట అవతల పిచ్చమ్మ ఇంకా రొప్పుతోంది.

"ఏంది వదినా, పూడుస్తన్నావా?"

"పూడ్చక?"

"మరి నిన్ను యాడనుంచి తిట్టేది?"

సైదమ్మ తాపీ పక్కన పెట్టి, గోడకి దగ్గరగా జరిగింది.

"తిట్టు. తొందరగా కానీయ్, సిమెంటు గట్టిపడుద్ది."