కంచం మోత

కరోనా రోజుల్లో సూళ్లూరుపేట సర్కారు ఇళ్ల కాలనీలో ఎవరికి జ్వరమొచ్చినా, వాచ్‌మన్ పెంచలయ్య రోజూ పొద్దున్నే వాళ్ల తలుపు తట్టాలి. లోపలివాళ్లు కంచం మోగించాలి. మోగితే పుస్తకంలో ‘క్షేమం’ అని రాసుకుంటాడు. మోగకపోతే లోపలికెళ్లి చూడాలి.

ఒంటరిగా ఉండే ఎస్తేరమ్మ జ్వరమొచ్చిన మొదటిరోజే లోపలినుంచి కేకేసింది. “నువ్వు లోపలికి మాత్రం రాబాక అబ్బయ్యా. నీ ఇంట్లో పసిబిడ్డ ఉండాది.”

ఆరోరోజు తట్టకముందే కంచం మోగింది. ఏడోరోజూ అంతే. తేరుకుంటోందని సంబరపడి ‘క్షేమం’ అని రాశాడు.

ఎనిమిదోరోజు వాసనొస్తే తలుపు పగలగొట్టారు. ఆమె పోయి రెండు రోజులైందన్నారు. వెనక కిటికీకి వేలాడుతున్న కంచం పులికాట్ సరస్సు గాలికి ఊచలను కొడుతోంది.

పెంచలయ్య దాన్ని విప్పబోతే రాలేదు. చీర పేలికతో ముడి మీద ముడి వేసింది ఎస్తేరమ్మ, అతను లోపలికి రాకుండా.